నియంతల నెలవులకు బస్సు యాత్ర

యాత్ర యన్న మాట వినగానే మన మనస్సున మెదలునవి కాశీ రామేశ్వరములు, తిరుమల శ్రీశైలములు. పుణ్యము కొరకో, చల్లని గాలి కొరకో, శిల్ప సౌందర్యము కొరకో మనము ఇల్లు వదలి బయలుదేరుదుము. కాని పాపము జరిగిన చోటును చూచుటకై టిక్కెట్టు కొని, బస్సెక్కి, గైడు చెప్పు మాటలను ఆలకించుచు పోవు యాత్రలును ఈ లోకమున కలవు. జర్మనీ దేశమున, ముఖ్యముగా దక్షిణముననున్న బవేరియా రాష్ట్రమున, ఇట్టి యాత్రలు ఏటేట వేలాది జనులను తీసికొనిపోవుచున్నవి. హిట్లరు ఉద్యమము మొలకెత్తిన నగరము, దాని ఊరేగింపులు సాగిన మైదానము, అది మనుష్యులను బంధించి చంపిన శిబిరము, దాని నాయకులు బోనెక్కిన న్యాయస్థానము, ఇవి అన్నియు ఆ ఒక్క రాష్ట్రముననే యున్నవి.

యుద్ధభూములను చూడబోవుట క్రొత్త అలవాటు కాదు. 1815 జూన్‌లో వాటర్లూ యుద్ధము ముగిసెను. ఆగస్టు నాటికే సర్ వాల్టర్ స్కాట్ ఆ పొలములను చూడవచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధము ఇంకను సాగుచుండగనే, 1917లో, ఫ్రాన్సులోని మిషెలిన్ టైర్ల కంపెనీవారు యుద్ధక్షేత్రములకు దారి చూపు పుస్తకములను వెలువరింప మొదలిడిరి. యుద్ధానంతరము బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు, భర్తలను పోగొట్టుకొన్న భార్యలు గుంపులుగా ఆ సమాధులను వెదకికొనుచు పోయిరి. మన దేశపు సిపాయిలును ఆ మట్టిలో కలిసినవారే. ఫ్రాన్సులోని న్యూ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరింపబడిన స్మారకముపై, సమాధియైనను తెలియని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు చెక్కబడియున్నవి. అట్టి చోట ఏమి చేయవలయునో ఎవరును చెప్పనక్కరలేదు. తల వంచి నిలిచిన చాలును.

నియంత నివసించిన చోట, నియంత ఉపన్యసించిన చోట సంగతి వేరు. అచ్చట తల వంచినచో ఎవరికి వంచినట్లు? ఆ కట్టడములను కూలగొట్టినచో సాక్ష్యము పోవును. చెక్కుచెదరకుండ నిలిపినచో వానికి పూజారులు పుట్టుకొని వత్తురు. ఈ చిక్కును ఆ దేశస్థులు ఎట్లు విప్పుకొనుచున్నారో బస్సు పోవు దారిని బట్టి మనము తెలిసికొనవచ్చును.

మొదటి మజిలీ మ్యూనిక్ నగరము. 1923 నవంబరులో హిట్లరు ఒక బీరుశాలనుండి తిరుగుబాటు లేవదీసి, మరునాడు ఊరేగింపుగా బయలుదేరి, ఫెల్డ్‌హెర్న్‌హాలె యను మండపము వద్ద పోలీసు తుపాకులకు ఎదురై ఓడిపోయెను. పదేండ్ల తరువాత అధికారము చేజిక్కగనే అచ్చట తన పక్షమున చచ్చినవారికి స్మారకము కట్టించెను. ఆ దారిని పోవు ప్రతి మనుష్యుడును చేయి చాచి వందనము చేయవలెనని శాసనము. ఇష్టము లేనివారు ఏమి చేసిరి? మండపమునకు వెనుకనున్న విస్కార్డి సందులోనికి మరలి, చుట్టు తిరిగి పోయిరి. అందుచేత ఊరివారు ఆ సందునకు ‘తప్పించుకొనువారి సందు’ అని పేరు పెట్టిరి. 1995లో ఆ సందు నేలమీది రాళ్లలో కంచు రాళ్లను ఒక తీరుగా పొదిగినారు. శిలాశాసనము లేదు, విగ్రహము లేదు. గైడు ఆగి చెప్పినగాని అది ఏమియో బాటసారికి తెలియదు. మండపము ఎదుట నిలిచి ఫొటో తీసికొనువారు పెక్కుమంది. వెనుక సందులోనికి తీసికొనిపోవు గైడే మంచి గైడని మా అభిప్రాయము.

ఆ బీరుశాల 1979లో కూల్చివేయబడెను. అచ్చటనే 1939 నవంబరు 8వ తేదీ రాత్రి జార్జ్ ఎల్సర్ అను వడ్రంగి పెట్టిన బాంబు ప్రేలెను. అతడు ముప్పదికి పైగా రాత్రులు ఆ హాలులో దాగియుండి, వేదిక వెనుక స్తంభమును తొలిచి, గడియారపు యంత్రముతో ఆ బాంబును అమర్చెను. పొగమంచు వలన విమానము మాని రైలుకు పోవలసివచ్చిన హిట్లరు అనుకొన్న వేళకంటె ముందుగా ఉపన్యాసము ముగించి, ప్రేలుటకు 13 నిమిషములకు ముందు వెడలిపోయెను. ఎనిమిదిమంది మరణించిరి. అందొకతె అచ్చట పనిచేయు స్త్రీ. ఎల్సర్ పట్టుబడి, 1945 ఏప్రిల్ 9న డాఖౌ శిబిరమున కాల్చబడెను. మరి ఇరువది దినములకు ఆ శిబిరము విముక్తమయ్యెను.

డాఖౌ మ్యూనిక్‌నకు ఇరువది కిలోమీటర్ల లోపు దూరమే. ఇచ్చట బస్సు దిగినవారి మాటలు తమంత తామే తగ్గిపోవును. 1933 మార్చి 22న, అనగా హిట్లరు అధికారమునకు వచ్చి రెండు నెలలైన నిండకముందే, ఈ శిబిరము తెరువబడెను. దానిని రహస్యముగా తెరువలేదు. పోలీసు అధికారిగా నుండిన హిమ్లరు ముందుగానే వార్తాపత్రికలలో ప్రకటించెను. మాకేమియు తెలియదని తరువాత చెప్పినవారికి ఆ పాత పత్రికయే జవాబు. మొదట కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు, కార్మిక నాయకులు; పిమ్మట యూదులు, మతాచార్యులు, పరాజిత దేశముల ప్రజలు; మొత్తము రెండు లక్షలకు మించిన జనులు డాఖౌలోను, దాని శాఖలలోను బంధింపబడిరి. కనీసము 41,500 మంది మరణించిరి. 1965లో ఇచ్చట స్మారక స్థలము ఏర్పడుటకు పూనుకొన్నవారు ఆ శిబిరమునుండి బ్రతికి బయటపడినవారే. బందీలుండిన పాకలలో రెండింటిని మాత్రము తిరిగి కట్టినారు. తక్కినవాని పునాదుల గుర్తులు వరుసగా కనిపించును. ప్రవేశమునకు రుసుము లేదు.

మన శ్రోతలు తప్పక తెలిసికొనవలసిన పేరొకటి ఇచ్చట కలదు. బరోడాలో జన్మించిన సూఫీ గురువు, సంగీత విద్వాంసుడు హజ్రత్ ఇనాయత్ ఖాన్ కుమార్తె నూర్ ఇనాయత్ ఖాన్. ఆమె టిప్పు సుల్తాను వంశమునకు చెందినది. 1943 జూన్‌లో ఆమె బ్రిటిషువారి తరఫున రహస్యముగా ఫ్రాన్సునకు పోయి, పారిస్ నగరమున వైర్‌లెస్ యంత్రముతో వార్తలు పంపెను. తోటివారు ఒక్కరొక్కరుగా పట్టుబడుచుండినను, తిరిగి రమ్మన్నను, ఆమె తన యంత్రమును విడువలేదు. అక్టోబరులో పట్టుబడినది. ఫోర్జైమ్ చెరసాలలో నెలల తరబడి సంకెళ్లలో నుంచినను సహచరుల సంగతి చెప్పలేదు. 1944 సెప్టెంబరు 13న మరి ముగ్గురు స్త్రీలతో కూడ డాఖౌలో ఆమెను కాల్చి చంపిరి. 1949లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు జార్జ్ క్రాస్ పతకమునిచ్చెను.

నూర్ చేతిలోని యంత్రము సత్యమును మోసినది. అదే రేడియోను ఆమె శత్రువులు వేరొక పనికి వాడుకొనిరి. 1933 ఆగస్టులో బెర్లిన్ ప్రదర్శనలో ‘ప్రజల రేడియో’ యను పేర 76 మార్కులకు ఒక సెట్టును అమ్మకమునకు పెట్టిరి. దాని సంఖ్య 301. హిట్లరు ప్రధానియైన జనవరి 30వ తేదీకి అది గుర్తు. సామాన్యుని ఇంటికి రేడియో రావలెనన్నది మంచి కోరికయే. కాని ఆ ఇంటిలో ఒక్క గొంతుకయే వినిపింపవలెనన్నది వారి కోరిక. 1939 సెప్టెంబరులో యుద్ధము మొదలుకాగానే పరదేశ ప్రసారములను వినుట నేరమని శాసించిరి. విన్న వార్తను వ్యాపింపజేసినవారికి మరణశిక్ష పడుటకును వీలు కల్పించిరి. అంతకు ముందు రాత్రి, ఆగస్టు 31న, సరిహద్దుననున్న గ్లైవిట్జ్ రేడియో కేంద్రముపై పోలండువారు దాడి చేసినట్లు నాటకమాడినవారును వారే. ఆ కేంద్రపు 110 మీటర్ల ఎత్తైన కొయ్య గోపురము ఇప్పుడు పోలండు దేశమున గ్లివిత్సె నగరమున నిలిచియున్నది. ఇంటింట రేడియో గల మన వంటివారు చూడదగిన స్మారకము అది.

ఆ ఒక్క గొంతుక ఎట్లు పెద్దదయ్యెనో తెలియవలెనన్న న్యూరెంబర్గు పోవలెను. 1933 మొదలు 1938 వరకు ఏటేట పార్టీ మహాసభలు ఇచ్చట జరిగెను. 1935 సభలలోనే యూదుల పౌరసత్వమును హరించు చట్టములు ప్రకటింపబడెను. ఆ ప్రాంగణము 11 చదరపు కిలోమీటర్లు. 50,000 మంది కూర్చుండదగిన సభాభవనము సగము కట్టి నిలిచిపోయినది. ఆల్బర్ట్ స్పియర్ రచించిన రాతి వేదిక శిథిలమగుచున్నది. 1945లో అమెరికా సైన్యము దాని నెత్తిమీది స్వస్తిక చిహ్నమును ప్రేల్చివేసెను. 2001లో ఆ సభాభవనపు ఒక మూలలో చారిత్రక ప్రదర్శనశాల వెలసినది. శిల్పి గుంటర్ డోమెనిగ్ గాజుతోను, ఉక్కుతోను ఒక నడవను నిర్మించి, బాణము గ్రుచ్చినట్లు ఆ రాతి గోడలనుండి దూర్చెను.

ఈ శిథిలములకు సుమారు 8.5 కోట్ల యూరోలు వెచ్చింపవలెనా యని ఆ నగరమున వాదములు చెలరేగెను. నియంత కట్టిన గోడలకు ప్రజల పన్నుల డబ్బా యని కొందరు. వదలివేసినచో పిల్లలకు చూపుటకు ఏమి మిగులునని కొందరు. తుదకు అందముగా బాగుచేయుట గాదు, కూలకుండ నిలుపుట మాత్రమే యని నిర్ణయించుకొనిరి. ఈ నిర్ణయము మాకు సమంజసముగా తోచుచున్నది. శిథిలము శిథిలముగానే యుండవలెను. చూచువాడు దాని క్రింద నిలిచి ఇంత పెద్దదా యని అబ్బురపడవలెను. తరువాత ఇంతేనా యని తలపోయవలెను.

అదే నగరమున బస్సు ఆగవలసిన రెండవ చోటు 600 సంఖ్యగల న్యాయస్థానపు గది. 1945 నవంబరు 20 మొదలు 1946 అక్టోబరు 1 వరకు ఇచ్చట విచారణ సాగెను. పండ్రెండుమందికి మరణశిక్ష, ఏడుగురికి కారాగారము విధింపబడెను. ముగ్గురు నిర్దోషులని విడువబడిరి. సాక్ష్యము లేనిచోట ఆ న్యాయాధిపతులు శత్రువునైనను విడిచిపుచ్చిరి. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, జర్మను భాషలలో మాటలు చెవియంత్రముల ద్వారా అప్పటికప్పుడే అందరికి వినబడెను. మైదానమున వేలమంది ఒక్కని మాట వినిరి. ఈ గదిలో నేరస్థుని మాటనుగూడ నాలుగు భాషలలో వినిరి. రెండింటికి నడుమ బస్సు పోవునది కొలది కిలోమీటర్ల దూరమే.

కడపటి మజిలీ అన్నిటికంటె కష్టమైనది, ఏలనన అన్నిటికంటె అందమైనది. ఆల్ప్సు పర్వతములలోని ఓబర్‌సాల్జ్‌బర్గ్ హిట్లరు విడిది. అచ్చటి రైతులను, గృహస్థులను వెళ్లగొట్టి, ఆ కొండను తమ సొంతము చేసికొనిరి. 1938 సెప్టెంబరులో బ్రిటిషు ప్రధాని చేంబర్లేన్ వచ్చి మాటలాడినది ఇచ్చటనే. 1945 ఏప్రిల్ 25న బ్రిటిషు విమానములు దీనిపై బాంబులు కురిపించెను. మిగిలిన గోడలను 1952లో ప్రేల్చివేసిరి. కాని పైన 1,834 మీటర్ల ఎత్తున కెల్‌స్టైన్ శిఖరముపై కట్టిన విడిది గృహము చెక్కుచెదరలేదు. ఆ దారిని 1952 నుండి సొంత కార్లకు మూసిరి. ప్రత్యేకపు బస్సులే పోవును. దిగిన తరువాత 124 మీటర్ల సొరంగము నడచి, ఇత్తడి రేకుల లిఫ్టులో మరి 124 మీటర్లు కొండ గర్భమునుండి పైకి పోవలెను. పైన ఫలహారశాల. చుట్టును మంచుకొండలు. కాఫీ త్రాగి, ఎండ కాచుకొని, చిత్రములు తీసికొని దిగిపోవువారే అధికము.

అందుకే క్రింద 1999లో ఒక ప్రదర్శనశాల ఏర్పడినది. 2023లో దానికి క్రొత్త భవనము వచ్చినది. ఈ మెత్తని కుర్చీలలో చేసిన నిర్ణయములు ఏయే దూరపు ఊళ్లలో ఎవరి ప్రాణములు తీసెనో అందు చూపుచున్నారు. ముందు పైకిపోయి వచ్చినవారికి ఆ ప్రదర్శన విసుగు పుట్టించును. ముందు ప్రదర్శనను చూచి పైకి పోయినవారికి ఆ కొండగాలి వేరు విధముగా సోకును. బస్సు ఏ క్రమమున ఆగునన్నది స్వల్ప విషయము కాదు.

ఈ యాత్రలలో లోపములు లేకపోలేదు. అరగంటలో డాఖౌ ముగించి మధ్యాహ్న భోజనమునకు పరుగెత్తించు యాత్రలు కలవు. నియంత వాడిన కారును, కూర్చున్న కుర్చీని కథలుగా చెప్పి నవ్వించు గైడులు కలరు. డాఖౌ స్మారక స్థలమువారు శిక్షణ పొంది అనుమతి పొందినవారికే అచ్చట వివరించు హక్కు నిచ్చుటకు కారణమిదే.

మైకు ముందు కూర్చుండుట మా వృత్తి గనుక ఇందు మాకొక పాఠము కానవచ్చుచున్నది. బస్సులోని గైడు చేతిలోను మైకే యుండును. ఏబదిమంది మారు పలుకక విందురు. న్యూరెంబర్గు మైదానమునను జనులు మారు పలుకకయే వినిరి. గైడు మైకు ప్రక్కన పెట్టి, ‘మీరైనచో ఆ మండపము ముందునుండి పోవుదురా, వెనుక సందులోనుండి పోవుదురా?’ యని అడిగి, జవాబునకై ఓపికతో ఆగవలెను. అట్లు ఆగినప్పుడే అది యాత్ర యగును. ఆగనిచో అది మరియొక ఉపన్యాసమే.