మెట్ల మీద చక్కెర

తెల్లవారుజాము ఐదు. అలిపిరి. సన్నటి తుంపర. పాదాల మండపం దగ్గర కర్పూరం పొగ, తడిసిన రాతి వాసన. ఆయన సంచీ లగేజీ కౌంటర్లో ఇచ్చేశాడు. అది మళ్లీ దొరికేది కొండ మీదే. బిస్కెట్ ప్యాకెట్టు కూడా అందులోనే ఉంది. మొక్కు కాబట్టి దర్శనమయ్యేదాకా ఎంగిలిపడనన్నాడు. షుగరు మాత్ర మాత్రం మింగేశాడు.

3,550 మెట్లు. మొదటి కొన్ని వందలు గోవింద నామాలతోనే గడిచిపోయాయి. తర్వాత చేతులు వణికాయి. అంత చలిలో, అంత తుంపరలో చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది, కాళ్లు ఒక మెట్టు అనుకుని ఇంకో మెట్టు మీద పడ్డాయి, భార్య పేరు పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. "పొద్దన్నే తాగి కొండెక్కతాండాడే!" ఎవరో వెనక నుంచి అన్నారు. ఆయన కూలబడ్డాడు.

ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. చేతిలో చక్కెర పొట్లం. "అమ్మా, ఈయనకు షుగరుందా? ఇది నీళ్లలో కలిపి తాగించండి!"

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వొద్దు నాయనా! ఈయప్పకు షుగరుండాది. తీపి పెడితే సచ్చిపోతాడు!"

పేర్లు లేని ఈ దంపతుల కథ ఒక్క ఇంటిది కాదు. నడకదారిలో, క్యాజువాల్టీల్లో కనబడే మనుషుల కథలను కలిపి అల్లింది. ఆమె తప్పేమీ లేదు. ఇన్నేళ్లలో ఆమె చెవిన పడిన మాట ఒక్కటే: తీపి విషం. ఆయన మింగిన గ్లిమెపిరైడ్ మాత్ర, మనిషి తిన్నాడా లేదా అని చూడదు. ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరించి చక్కెరను కిందికి దించుతూనే ఉంటుంది. 70 దాటి కిందికొస్తే చెమట, వణుకు. 54 కిందికి పోతే మెదడు తడబడుతుంది. ఈ రెండో సగం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కుర్రాడు బతిమాలాడు. ఆమె ఏడుస్తూనే ఒప్పుకుంది. చక్కెర నీళ్లు గుటక గుటకగా దిగాయి. పది నిమిషాల్లో ఆయన కళ్లు తెరిచాడు. "ఏం కాలేదులే. పోదాం పా." లేచాడు. నడిచాడు. ఇంకాసేపటికి మళ్లీ పడ్డాడు. ఈసారి పిలిచినా పలకలేదు.

నోట్లో ఏమీ పోయొద్దని కుర్రాడే అరిచాడు. నలుగురు కలిసి ఆయనను కిందికి మోసుకొచ్చారు. 108 వచ్చింది. వేలికొస మీద చిన్న పోటు. మీటరు మీద 38. అలిపిరి రోడ్డులోనే ఉన్న రుయా ఆసుపత్రి వైపు బండి కదిలేసరికి నరానికి గ్లూకోజు ఎక్కుతోంది. ఆమె కళ్లు సీసా మీదే. తీపి నేరుగా నెత్తురులోకే పోతోంది.

క్యాజువాల్టీలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న షుగరు గురించి కాదు. "రాత్రి ఏం తిన్నాడమ్మా?"

ఆమె తలొంచుకుంది. మామిడి మండీలో పని ముగిసి నెలలైంది. పని లేని రోజుల్లో ఒక పూటే వండేది. మాత్ర మాత్రం పని ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. కొంగు ముడి విప్పి చీటీ తీసింది. అంతా ఇంగ్లీషు. "రోజుకొకటి అన్నారు సార్. అన్నం తినాలని నాకెవురూ చెప్పలా."

ఆయన తేరుకున్నా ఆ పూటకు ఇంటికి పంపలేదు. ఆ మాత్ర బలం రోజంతా ఉంటుంది, మూత్రపిండాలు బలహీనమైతే ఇంకా ఎక్కువ. మెట్ల మీద రెండోసారి పడింది అందుకే. నర్సు చీటీ వెనక మాత్ర బొమ్మ గీసింది. పక్కనే అన్నం కంచం గీసింది. "కంచం లేకుంటే మాత్ర లేదమ్మా. అర్థమైందా? ఇప్పుడు నువ్వు నాకు చెప్పు." ఆమె చెప్పింది. ఆ ఒక్క నిమిషం ప్రతి షుగరు రోగికీ దక్కాలి.

2024 అక్టోబరులో టీటీడీ, 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగరు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు నడిచి రావడం మంచిది కాదని ప్రకటించింది. అయినా నడిచేవాళ్లు నడుస్తారు. మీ ఇంట్లో ఈ మాత్రలో, ఇన్సులినో వాడే మనిషి ఉంటే జేబులో చక్కెర పొట్లం పెట్టి పంపండి. చెమట పట్టి మాట తడబడితే, స్పృహ ఉన్నంతలో మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి పట్టండి, ఆ వెంటనే అన్నమో రొట్టో తినిపించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.