హోషంగాబాద్ విజ్ఞాన బోధన: ఒక పాఠ్యప్రణాళిక ముప్పై ఏళ్ల నడక

హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పటి నర్మదాపురం) 16 బడులలో మొదలైంది. 6, 7, 8 తరగతుల పిల్లలకు సైన్సును ప్రయోగాల ద్వారానే నేర్పాలన్నది దాని లక్ష్యం. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసేనాటికి అది 15 జిల్లాల్లో సుమారు వెయ్యి బడులకు, లక్షమంది దాకా పిల్లలకు చేరింది. పల్లెటూళ్ల మామూలు సర్కారు బడుల్లో, ప్రభుత్వ టీచర్ల చేతుల మీదుగా, ప్రభుత్వ పరీక్షల చట్రంలోనే ఇంతకాలం నడిచిన సైన్సు సంస్కరణ భారతదేశంలో ఇంకొకటి దొరకడం కష్టం. పాఠ్యప్రణాళికను సంస్కరించడమంటే ఏమిటో, అది ఎక్కడ చిక్కుకుంటుందో తెలుసుకోవడానికి ఈ అనుభవం అన్నివిధాలా తగినది.

ఈ ప్రయత్నానికి ముందే ప్రపంచమంతటా సైన్సు చదువుల గురించి పెద్ద కదలిక వచ్చింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికాలో హైస్కూలు భౌతికశాస్త్రాన్ని తిరగరాసే పనికి ఊపొచ్చింది. ఇంగ్లండులో నఫీల్డ్ ఫౌండేషన్ అలాంటి పనికే పూనుకుంది. భారతదేశంలో 1961లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏర్పడింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ పదో తరగతి దాకా సైన్సు అందరికీ తప్పనిసరిగా ఉండాలని చెప్పింది. అయితే తప్పనిసరి చేసిన సైన్సు తరగతి గదిలోకి వచ్చేసరికి టీచరు చదవడం, పిల్లలు రాసుకోవడం, పరీక్షకు బట్టీ పట్టడంగా మిగిలింది. ప్రయోగశాల ఉన్న బడిలో కూడా గాజుసామాను బీరువాలోంచి బయటికి వచ్చేది కాదు. పగిలితే లెక్క చెప్పవలసింది టీచరే గనక.

హోషంగాబాద్‌లో చొరవ తీసుకున్నవి రెండు స్వచ్ఛంద సంస్థలు: రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్, బన్‌ఖేడీ ప్రాంతంలోని కిశోర్ భారతి. కిశోర్ భారతిని స్థాపించిన అనిల్ సద్గోపాల్ జీవరసాయన శాస్త్రవేత్త. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఈ పనిలో చేయి కలిపారు. అధ్యాపకులు ఊళ్లలో ఉండి పనిచేయడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం తోడ్పడింది. మామూలుగా విశ్వవిద్యాలయంలో కుదిరిన సిలబస్సు మెట్టుమెట్టుగా పలచబడి బడికి దిగుతుంది. ఇక్కడ ఆరో తరగతి పిల్లవాడి చేతికి ఏది అందుతుంది, కంటికి ఏది కనబడుతుంది అన్న దగ్గర మొదలుపెట్టి పాఠాలు కూర్చారు. ఈ కార్యక్రమంలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం ఇదేనని చెప్పాలి.

ఆ నిర్ణయం వల్ల కొన్ని పాఠాలు వదులుకోవలసి వచ్చింది. పరమాణువు నిర్మాణం అలా వదిలేసిన వాటిలో ఒకటి. ఆ వయసులో ఏ ప్రయోగంతోనూ చూపలేని దాన్ని నమ్మించి చెప్పడం సైన్సు కాదన్నది వారి వాదన. ఎలక్ట్రాన్ల కక్ష్యలు గీయడం వచ్చినంత మాత్రాన సైన్సు వచ్చినట్టు కాదు గనక, ఆ వాదనలో బలముంది. దాని స్థానంలో కొలవడం, వర్గీకరించడం, పట్టిక వేయడం, గ్రాఫు గీయడం వంటి పనులకు పెద్దపీట వేశారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వారి పుస్తకంలో నిర్వచనాలు ఇవ్వలేదు. ఏం చేయాలో, ఏం గమనించాలో చెప్పి, గమనించినదాని మీద ప్రశ్నలు అడిగేది. జవాబులు పుస్తకంలో ఉండవు. పిల్లల నోటుపుస్తకంలో తయారు కావాలి.

పొడవులు కొలిచే పాఠాన్నే చూడవచ్చు. నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా కూర్చుని ఒకే వస్తువును స్కేలుతో కొలుస్తారు. నలుగురికీ నాలుగు కొలతలు వస్తాయి. పాతపద్ధతిలో టీచరు ఒకటి ఒప్పు అని, మిగతావి తప్పు అని కొట్టేస్తాడు. ఇక్కడ ఆ తేడాయే పాఠం. స్కేలు అంచు అరిగిందా, కన్ను వాలుగా చూసిందా, గీతకూ గీతకూ మధ్య పడిన కొసను ఒకరు పైకి, ఇంకొకరు కిందికి సవరించారా అని పిల్లలు వెతుకుతారు. ఏ కొలతా నిక్కచ్చిగా ఉండదని, హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుని సగటు చూడాలని తేలుతుంది. డిగ్రీ మొదటి సంవత్సరం ప్రయోగశాలలో దోష గణన పేరుతో చాలామంది యాంత్రికంగా రాసిపారేసే విషయం ఇక్కడ పదకొండేళ్ల పిల్లలకు తమ చేతుల్లోనే తెలిసింది. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ లెక్కరాసి సంభావ్యత తెలుసుకునే పాఠం కూడా అటువంటిదే.

సామగ్రి విషయంలోనూ అదే పట్టుదల. పువ్వును విప్పి చూడడానికి కంపెనీ సూదులకు బదులు తుమ్మముళ్లు వాడారు. చెట్టున్నన్నాళ్లు వాటికి కొరత లేదు, విరిగిందని భయమూ లేదు. 1978లో ఇక్కడికి వచ్చిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో రేఖాగణిత నమూనాలు చేయడం ఇక్కడే మొదలుపెట్టారు. ఆ బొమ్మలు తర్వాత దేశమంతా పాకాయి. ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రకు పిల్లలు తమ సందేహాలు రాస్తే కార్యక్రమ బృందం ఆ పేరుతోనే జవాబు రాసేది.

1978లో కార్యక్రమం జిల్లా అంతటికీ, రెండు వందలకు పైగా బడులకు విస్తరించింది. బడుల సంఖ్య పెరిగేకొద్దీ బరువంతా టీచరు శిక్షణ మీద పడింది. 6, 7, 8 తరగతుల పాఠాలకు ఏటా మూడు వారాల చొప్పున మూడేళ్లు శిక్షణ ఇచ్చేవారు. అందులో టీచర్లే పిల్లల్లా జట్లు కట్టి ప్రతి ప్రయోగమూ చేసేవారు. ఆపైన నెలనెలా సమావేశాలు జరిగేవి; ఏ ప్రయోగం కుదరలేదో, పిల్లలు ఏ ప్రశ్నకు తికమకపడ్డారో అక్కడ చర్చించేవారు. పుస్తకం కొత్త ముద్రణల్లోకి ఆ చర్చలు ఎక్కాయి. ఈ పనిని నిలకడగా నడపడానికే 1982లో ‘ఏకలవ్య’ సంస్థ ఏర్పడింది.

పరీక్షను మార్చకపోతే ఇదంతా రెండేళ్లకే కుప్పకూలేది. మధ్యప్రదేశ్‌లో అప్పుడు ఎనిమిదో తరగతికి బోర్డు పరీక్ష ఉండేది. హోషంగాబాద్ పిల్లలకు సైన్సులో వేరే ప్రశ్నపత్రం పెట్టుకునే అనుమతి ప్రభుత్వం నుంచి సాధించారు. రాతపరీక్షలో పుస్తకమూ నోటుపుస్తకమూ దగ్గర ఉంచుకోవచ్చు. కొత్త పట్టికో, చూడని పరిస్థితో ఇచ్చి అందులోంచి ఏం తేలుతుందో అడిగేవారు. ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. పుస్తకం చూసి రాయగల పరీక్షలో బట్టీకి చోటు లేదు. బట్టీకి చోటు లేకపోతే నోట్సు చెప్పించడానికి టీచరుకూ కారణం ఉండదు.

కార్యక్రమం చివరికి ఓడిపోయిందీ ఈ చోటే. ఎనిమిది దాటి తొమ్మిదిలోకి వెళ్లగానే పిల్లలకు పాత పుస్తకాలు, పాత పరీక్షలు ఎదురయ్యేవి. హైస్కూలుకు సంస్కరణ చేరలేదు. హోషంగాబాద్ పిల్లలకు నిర్వచనాలు రావని, పదో తరగతి ఫలితాల్లో జిల్లా వెనకబడుతోందని విమర్శలు వచ్చాయి. 2002లో దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపి రాష్ట్ర పాఠ్యపుస్తకాలనే పెట్టింది. దేశంలోని ఎందరో శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు అభ్యంతరం చెప్పినా నిర్ణయం మారలేదు. పదో తరగతి ఫలితాలను ఆరో తరగతి పుస్తకం మీద రుద్దడం సరైన కొలమానం కాదు. ఆ ఫలితాలు ఇంగ్లిషు, లెక్కలతో సహా ఎన్నో అంశాల మీద ఆధారపడతాయి. అయినా తల్లిదండ్రుల ఆందోళన తీసిపారేయదగినది కాదు. పక్క జిల్లా పిల్లలతో పోటీ తమ పిల్లలే పడాలి.

ఆపేసిన మూడేళ్లకు, యశ్‌పాల్ అధ్యక్షతన తయారైన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో హోషంగాబాద్ ఆలోచనలు చాలావరకు జాతీయ విధానంగా కనబడ్డాయి. ఆ బాటలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తెచ్చి కొత్త పుస్తకాలు రాయించింది. ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ విద్యా ప్రమాణాల్లో ఒకటయ్యాయి; పాఠం మధ్యలో కృత్యాలు వచ్చాయి. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించారు. ప్రయోగం చేయించే టీచరుకు ఆ 20 మార్కులే అండ. కానీ చాలాచోట్ల అవి అడిగినవారికల్లా ఇచ్చే మార్కులయ్యాయి, ప్రాజెక్టులు కూడా గైడుల్లో అచ్చయి అమ్ముడుపోయాయి. 2019-20 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆ మార్కులను తీసేసి 100 మార్కులకూ పబ్లిక్ పరీక్షే పెట్టింది. దుర్వినియోగాన్ని ఆపడానికి అది తేలిక దారి. ప్రయోగ పరీక్షను పకడ్బందీగా నడపడం కష్టమైన దారే అయినా, హోషంగాబాద్ టీచర్లు దాన్ని పల్లెబడుల్లో ఏళ్ల తరబడి నడిపి చూపించారు.

రెండు తెలుగు రాష్ట్రాలు ఈసారి సైన్సు పుస్తకాలు మార్చేటప్పుడు, పుస్తక రచయితల కమిటీ మొదటి సమావేశానికే ప్రభుత్వ పరీక్షల విభాగం అధికారులనూ, ఇంటర్మీడియెట్ బోర్డు ప్రతినిధులనూ పిలిచి కూర్చోబెట్టాలి. పదో తరగతి ప్రశ్నపత్రం నమూనా, ప్రయోగ పరీక్ష పద్ధతి ఖాయం కాకుండా ఆరో తరగతి పుస్తకం అచ్చుకు పంపకూడదు.