కొలువు విడిచిన పనివాని స్వాతంత్ర్యము

ఒక చిన్న పట్టణములోని దర్జీ దుకాణమును తలచుకొందము. ఒక కుర్రవాడు అచ్చట చేరి మొదట కాజాలు కుట్టును, గుండీలు వేయును. కొంతకాలమునకు కత్తెర పట్టును, కొలతలు తీయును. ఒకనాడు యజమాని వద్ద సెలవు పుచ్చుకొని ప్రక్క వీథిలో తన మిషను తాను పెట్టుకొనును. పాత దుకాణమునకు వచ్చు వారిలో కొందరు అతని వెంట పోవుదురు. "నేను నేర్పిన పనితో నా నోటి కూడు తీసినాడు" అని యజమాని వాపోవును. "నేర్చిన పని చేయవద్దన్నచో నేనెట్లు బ్రతుకుదును?" అని కుర్రవాడడుగును. ఇద్దరి మాటలలోను న్యాయము లేకపోలేదు.

యజమాని ముందుచూపు గలవాడైనచో, పనిలో చేర్చుకొనునపుడే ఒక కాగితము వ్రాయించుకొనును. "ఈ కొలువు మానిన పిదప ఇన్ని సంవత్సరములు, ఇన్ని మైళ్ల లోపల, ఇదే పని మరియొకరి వద్ద చేయను, స్వయముగా పెట్టుకొనను" అని దాని సారాంశము. ఇట్టి కాగితము చెల్లునా? ఈ ప్రశ్న నేటిది కాదు. ఆరువందల యేండ్ల క్రిందటనే న్యాయస్థానమున విచారణకు వచ్చినది.

1414లో, ఐదవ హెన్రీ రాజ్యకాలమున, ఇంగ్లండులో జాన్ డయర్ అను రంగులద్దువాడు ఒక పత్రము వ్రాసి యిచ్చెను. ఆరు నెలలపాటు ఆ పట్టణములో రంగుల పని చేయనని దాని షరతు. అతడు షరతు తప్పెనని ఎదుటి పక్షము దావా వేయగా, హల్ అను న్యాయమూర్తి కోపము పట్టలేకపోయెను. ఇట్టి పత్రము దేశపు న్యాయమునకే విరుద్ధమనియు, దావా వేసినవాడు ఎదుట నుండినచో జరిమానా చెల్లించువరకు వానిని చెరసాలలో నుంచెడివాడననియు దేవునిపై ఒట్టుపెట్టి పలికెను. తీర్పులో దీర్ఘమైన చర్చ లేదు, ఆగ్రహమే మిగిలినది.

ఆ కోపమునకు కారణము ఆనాటి పరిస్థితులలో వెదకవలెను. 1348, 1349 సంవత్సరములలో వచ్చిన మహామారి ఆ దేశపు ప్రజలలో పెద్ద భాగమును తుడిచిపెట్టినది. పనివారు కరవైరి. 1349లో రాజాజ్ఞయు, 1351లో చట్టమును వెలువడి, శక్తి యున్నవాడు పని చేయక తీరదని శాసించినవి. ఒక వృత్తి నేర్చుటకు సాధారణముగా ఏడేండ్ల శిష్యరికము కావలెను. సంఘముల కట్టుబాట్లవలన ఒక వృత్తివాడు మరియొక వృత్తిలోనికి పోవుట కష్టము. ఊరక యుండుట నేరము, తన పని చేయుట షరతునకు విరుద్ధము అయినచో ఆ పనివాడు ఎచ్చటికి పోవును? వాని కుటుంబము పస్తుండును. ఊరు ఒక పనివానిని పోగొట్టుకొనును.

మూడువందల యేండ్లకు ఈ కఠినత్వము కొంత సడలినది. 1711లో మిచెల్, రేనాల్డ్స్ అను వారి మధ్య ఒక రొట్టెల బట్టీని గురించి వ్యాజ్యము నడచినది. రేనాల్డ్స్ తన బట్టీని మిచెల్‌కు ఐదేండ్ల కౌలుకిచ్చి, ఆ ఐదేండ్లును అదే పారిష్‌లో రొట్టెలు కాల్చనని, తప్పినచో 50 పౌనులు చెల్లింతునని వ్రాసి యిచ్చెను. ప్రధాన న్యాయమూర్తి పార్కర్ ఆ పత్రము చెల్లునని తీర్పు చెప్పెను. చోటునకు హద్దున్నది, కాలమునకు హద్దున్నది, ప్రతిఫలమున్నది. బట్టీ కొన్నవానికి అమ్మినవాడే ప్రక్కన పోటీకి నిలిచినచో కొన్నదానికి విలువ యేమి? అయితే ఆయన ఒక హెచ్చరికయు చేసెను. తమ శిష్యులు రేపు సొంతముగా నిలబడి బేరము లాగుకొందురేమో యను భయముతో యజమానులు వారిచే ఇట్టి పత్రములు వ్రాయించుకొని వేధింతురని ఆయన ఎరుగును.

వ్యాపారము నమ్మువాడు వేరు, తన కాయకష్టము నమ్ముకొన్నవాడు వేరు. ఈ భేదమును ఇంగ్లీషు న్యాయస్థానములు తరువాత కాలమున మరింత స్పష్టము చేసినవి. తుపాకుల వ్యాపారి నార్డెన్‌ఫెల్ట్ తన వ్యాపారమును 2,87,500 పౌనులకు అమ్మి, 25 సంవత్సరములు ప్రపంచమున ఎచ్చటను పోటీకి రానని చెప్పగా 1894లో ప్రభువుల సభ ఆ మాటను నిలబెట్టినది. 1913లో బట్టల కంపెనీకి ఇంటింట తిరిగి బేరములు తెచ్చు ఒక ఉద్యోగి, లండనుకు 25 మైళ్ల లోపల మూడేండ్లు అట్టి పని చేయరాదన్న షరతును మాత్రము అదే సభ త్రోసివేసినది. ఏ షరతు సమంజసము, ఏది కాదు అనునది అచ్చట న్యాయమూర్తి తూచి చెప్పవలసినదే.

మన దేశమున జరిగినది వేరు. 1872లో భారత కాంట్రాక్టు చట్టము వచ్చినది. అప్పుడు వైస్రాయి కౌన్సిలులో న్యాయశాఖ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆ చట్టములోని 27వ సెక్షను చిన్నది. ఒకనిని ఏ న్యాయసమ్మతమైన వృత్తియు, వర్తకమును, వ్యాపారమును చేయకుండ నిరోధించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదని దాని భావము. వ్యాపారమును దాని పరపతితో సహా అమ్మినవాడు సమంజసమైన హద్దులలో పోటీకి రానని ఒప్పుకొనవచ్చునను ఒక్క మినహాయింపు మాత్రము కలదు. తూచి చూచు త్రాసును మన చట్టము న్యాయమూర్తి చేతికి ఈయలేదు.

ఈ సెక్షను పుట్టుక విచిత్రమైనది. ఇది ఇంగ్లండునుండి వచ్చినది కాదు. న్యూయార్కు న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డు తన రాష్ట్రము కొరకు ఒక పౌరస్మృతి ముసాయిదా తయారు చేయించెను. న్యూయార్కు దానిని ఎన్నడును చట్టముగా స్వీకరింపలేదు. కాని అందలి ఈ నియమము రెండు దూరదేశములలో వేరూనినది. 1872లోనే కాలిఫోర్నియా రాష్ట్రము దానిని తన స్మృతిలో చేర్చుకొన్నది. అదే సంవత్సరమున మన కాంట్రాక్టు చట్టములోనికిని అది వచ్చినది. పుట్టినింట ఆదరము లేని నియమమునకు అటు పసిఫిక్ తీరమునను, ఇటు హిందూదేశమునను నీడ దొరకినది.

సెక్షను ఎంత దూరము పోవునో తేల్చిన తీర్పు 1874లో కలకత్తాలో వచ్చినది. ఒకే ప్రాంతమున పోటీపడు దుకాణదారులలో ఒకరు, "నీ దుకాణము మూసివేయుము, నీ పనివారికి నీవిచ్చిన అడ్వాన్సులు నేను చెల్లింతును" అనిరి. రెండవ యతడు మూసివేసెను, సొమ్ము రాలేదు, దావా వేసెను. ఒక చిన్న పేటకు మాత్రమే సంబంధించిన నిరోధము గనుక చెల్లవలెనని అతని వాదము. ప్రధాన న్యాయమూర్తి సర్ రిచర్డ్ కౌచ్ ప్రక్కనున్న 28వ సెక్షనును చూపెను. అచ్చట "సంపూర్ణముగా" అను అర్థమిచ్చు మాట యున్నది, 27లో లేదు. కావున పాక్షికమైన నిరోధము సైతము చెల్లదని చెప్పెను.

1876లో మదరాసు హైకోర్టు ముందునకు ఓక్స్ కంపెనీ, జాక్సన్ వ్యాజ్యము వచ్చినది. కొలువు విడిచిన ఉద్యోగి మదరాసునకు 800 మైళ్ల లోపల అట్టి పని చేయరాదని షరతు. పటము తీసి చూచినచో తెలుగునేల యావత్తును ఆ వలయములో పడును, బొంబాయియు పడును. ఒక్క సంతకముతో మనిషికి దక్షిణాపథమంతయు మూసివేయుటన్న మాట. ఆ షరతు చెల్లదని న్యాయస్థానము తీర్మానించినది. 1885లో అస్సాము తేయాకు తోటల ఉద్యోగిపై పెట్టిన ఐదేండ్ల నిరోధమును గూడ కలకత్తా హైకోర్టు అట్లే త్రోసిపుచ్చినది.

ఈ కథను ఇంతటితో ముగించినచో సత్యమును సగమే చెప్పినట్లగును. దుకాణదారునకును, కంపెనీ ఉద్యోగికిని ఇట్లు తలుపు తెరచియుంచిన ప్రభుత్వమే, అడ్వాన్సు పుచ్చుకొన్న కూలివానికి మరియొక చట్టమును సిద్ధముచేసి యుంచినది. 1859నాటి ఆ చట్టము ప్రకారము, అడ్వాన్సు తీసికొని పని మానిన వానిని మేజిస్ట్రేటు ఎదుటకు ఈడ్చి, సొమ్ము తిరిగి చెల్లింపుమనియో పని పూర్తి చేయుమనియో ఆజ్ఞ పొందవచ్చును. ఆజ్ఞ మీరినచో మూడు నెలల వరకు కఠిన శిక్ష. మొదట కలకత్తా, మదరాసు, బొంబాయి నగరములకు ఉద్దేశింపబడినదైనను అది ఇతర ప్రాంతములకును విస్తరించినది. 1925లో గాని దానిని రద్దుచేయు చట్టము రాలేదు. 1950నాటి రాజ్యాంగము 19వ అధికరణమున వృత్తి స్వేచ్ఛను, 23వ అధికరణమున వెట్టి నుండి రక్షణను ఇచ్చిన పిదపనే రెండు తరగతుల పనివారును ఒకే పందిరి క్రిందికి వచ్చిరి. అప్పుకు కట్టుబడిన వెట్టిని నిర్మూలించు చట్టము 1976 వరకు రాలేదు.

కొలువు మానిన తరువాతి మాట సరే; కొలువులో నుండగా? ఇచ్చట చట్టము యజమాని పక్షమును గూడ వినును. 1967లో సుప్రీంకోర్టు ముందునకు కల్యాణ్‌లోని ఒక రేయాన్ కర్మాగారపు వ్యాజ్యము వచ్చినది. టైర్ల దారము తయారుచేయు మర్మములను ఆ కంపెనీ హాలండు దేశపు సంస్థనుండి రహస్యముగా నుంతునను షరతుపై పొందినది. ఐదేండ్లు పనిచేయుదునని ఒప్పుకొని శిక్షణ పొందిన ఒక షిఫ్టు సూపర్వైజరు, రెండేండ్లైనను నిండకమునుపే హెచ్చు జీతమునకు కోటాలోని పోటీ కంపెనీకి పోయెను. ఒప్పుకొన్న గడువు ముగియువరకు అట్టి పని మరియొకచోట చేయరాదను ఉత్తరువును న్యాయస్థానము నిలబెట్టినది. ఆ గడువు 1968 మార్చితో తీరినది. ఆపైన కట్టు లేదు. వ్యాపార రహస్యమును బయటపెట్టరాదను బాధ్యత వేరు, చేతి నేర్పును వాడుకొను హక్కు వేరు.

1980లో ఢిల్లీ ఉద్యోగి ఒకనిపై రెండేండ్ల నిరోధము విచారణకు వచ్చినపుడు, ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు ఒడంబడికలోని ఒక మాటను పట్టుకొని తీర్పు చెప్పిరి. "విడిచిపోయినచో" అని షరతున్నది. ఇతడు విడువలేదు, కంపెనీయే తొలగించినది. కావున షరతు వర్తింపదనిరి. జస్టిస్ ఏ.పి. సేన్ ఇంకను ముందునకు పోయి, కొలువు ముగిసిన పిదప పెట్టు నిరోధము 27వ సెక్షను క్రింద చెల్లదని విపులముగా వ్రాసిరి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు మరియొక హద్దును గుర్తుచేసినది. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో మూడేండ్లు పనిచేయకుండ మానినచో రెండు లక్షల రూపాయలు చెల్లింతునను బాండు చెల్లునని చెప్పినది. అది మరియొకచోట పనిచేయుటకు అడ్డుకాదు. నియామకమునకైన ఖర్చును, నష్టమును పూడ్చుకొను ఏర్పాటు మాత్రమే.

మనతో పాటే ఆ నియమమును స్వీకరించిన కాలిఫోర్నియాలో ఏమి జరిగినది? 1957లో ఎనమండుగురు ఇంజనీర్లు షాక్లీ ప్రయోగశాలను విడిచి ఫెయిర్‌చైల్డ్ సంస్థను నెలకొల్పిరి. అందలి నాయిస్, మూర్ అను ఇద్దరు 1968లో దానిని కూడ విడిచి ఇంటెల్ స్థాపించిరి. తరువాత తెలుగు ఇంజనీర్లు అనేకులు పోయి స్థిరపడిన సిలికాన్ లోయ ఇట్లు ఒక సంస్థనుండి మరియొకటి చిగురించి పెరిగినదే. రొనాల్డ్ గిల్సన్ అను న్యాయాచార్యుడు 1999లో ఆ పెరుగుదలకు ఈ చట్టము ఒక ముఖ్య కారణమని వాదించెను. విశ్వవిద్యాలయములు, సైనిక కాంట్రాక్టులు మొదలగు ఇతర కారణములును ఉన్నవి. అయినను పనివాడు కదలినచో పరిశ్రమ చెడునను భయమునకు ఆ లోయ గట్టి సమాధానము.

అమెరికాలోని ఇతర రాష్ట్రములు పెక్కింట ఇట్టి షరతులు నేటికిని వివిధ హద్దులతో చెల్లుచునే యున్నవి. సుమారు 3 కోట్ల మంది వీటికి కట్టుబడి యున్నారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్కకట్టి, 2024 ఏప్రిల్‌లో దేశమంతట నిషేధింప బూనినది. ఆగస్టులో టెక్సాస్‌లోని న్యాయస్థానము ఆ నియమమును కొట్టివేసినది. 2025 సెప్టెంబరులో కమిషన్ తన అప్పీలును విరమించుకొన్నది.

మన చట్టములో నూటయేబదేండ్లుగా ఆ వాక్యమున్నది. అయినను నియామక పత్రములలో అట్టి షరతులు వ్రాయుట ఆగలేదు. చెల్లదనుటకును నేరమనుటకును భేదము కలదు. చెల్లని షరతు వ్రాసినందుకు యజమానికి ఈ సెక్షను క్రింద శిక్ష లేదు. న్యాయస్థానము దానిని అమలుజరుపదు, అంతే. కావున ఆ కాగితము బలమంతయు చదువువాని భయములో నున్నది. చట్టము తెలిసినవాడు దానిని దాటిపోవును; తెలియనివాడు చేతిలో నేర్పు పెట్టుకొని ఇంట కూర్చుండును.

మన పిల్లలకు కొలువు ఉత్తరము వచ్చిననాడు జీతమెంతో చూచి సంతోషింతుము, అది సహజమే. చివరి పుటను కూడ ఒకసారి చదువుడు. గడువునకు ముందు మానినచో చెల్లింపవలసిన సొమ్మెంత, కాపాడవలసిన రహస్యములేవి, కొలువు ముగిసిన పిదప వేసిన కట్టు ఏది అని మూడింటిని వేరువేరుగా చూచుకొనుడు. మొదటి రెండింటికి సంతకము చేసినవాడు మాట నిలుపుకొనవలసి యుండును. మూడవ దానికి భయపడి నేర్చిన పనిని మానుకొననక్కరలేదు.