సగం విని మొత్తం పట్టే మనసు

కోదాడ బస్టాండులో సాయంత్రం పూట మైకులో చెప్పే మాట సగమే చెవిన పడుతుంది. ఒక పక్క విజయవాడ బస్సు హారను, ఇంకో పక్క పల్లీలమ్మేవాడి కేక, వెనక ఇంజను రొద. వాటి మధ్య నుంచి వినపడేది “...జూర్...గర్, నేరే...ర్ల, మిర్యా...డ” అన్న ముక్కలే. అయినా మిర్యాలగూడ పోవాల్సినవాళ్లు సంచులు భుజాన వేసుకుని లేస్తారు. పక్కనే కూర్చున్న ఒడిశా కూలీ మాత్రం కదలడు. ఇద్దరి చెవుల్లోనూ పడింది ఒకే చప్పుడు. ఒకరికి అది ఊరి పేరయింది, ఇంకొకరికి రొదగానే మిగిలింది.

తేడా చెవిలో లేదు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ అనే వరస మనవాళ్ల మనసులో ముందే ఉంది. ఊడిపోయిన అక్షరాలను ఆ వరసే పూరించింది. ఇలా మనసులో ముందే ఉండి, బయటి నుంచి వచ్చేదాన్ని అర్థమయ్యేలా అమర్చే తెలివిడిని మనస్తత్వ శాస్త్రంలో స్కీమా అంటారు. మన మాటల్లో మానసిక చట్రం అనుకుందాం. ఈ చట్రాల సంగతి తేల్చడానికి శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. ఆ కథలో ఒక పెద్ద మలుపు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన తెలుగువాడి పనితో వచ్చింది.

మనసు ఊసెత్తని రోజులు

1913లో అమెరికాలో జాన్ వాట్సన్ ఒక వాదం లేవదీశాడు. మనసు కంటికి కనపడదు, కొలతకు అందదు, కాబట్టి శాస్త్రానికి దానితో పనిలేదన్నాడు. బయటికి కనపడే ప్రవర్తననే చదవాలన్నాడు. ఆ వాదం అక్కడ నాలుగు దశాబ్దాల పాటు రాజ్యమేలింది. ప్రయోగశాలలు ఎలుకలతో, పావురాలతో నిండిపోయాయి. మనిషి లోపల ఏం జరుగుతోందని అడిగేవాళ్లు తక్కువయ్యారు.

ఇంగ్లండులో మాత్రం ఒకాయన ఆ ప్రశ్నను వదల్లేదు. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదవమని ఇచ్చాడు. కొన్నాళ్లాగి, గుర్తున్నంత వరకు రాయమన్నాడు. వాళ్లు రాసిన కథల్లో ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది. సీల్ జంతువుల వేట చేపలు పట్టడమయింది. వాళ్లకు అంతుపట్టని దయ్యాల సంగతులు జారిపోయాయి. ఎవరూ కావాలని మార్చలేదు. కొత్త కథ పాత చట్రంలో ఇమడడానికి తనంతట తానే మారిపోయింది. జ్ఞాపకమంటే దాచిపెట్టినదాన్ని తీసి ఇవ్వడం కాదనీ, ప్రతిసారీ తిరిగి కట్టుకోవడమనీ బార్ట్‌లెట్ 1932లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అమెరికాలో ఆ మాటను అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు.

1949లో హార్వర్డులో జెరోమ్ బ్రూనర్, లియో పోస్ట్‌మన్ పేకముక్కలు పట్టుకుని అదే ప్రశ్నకు వచ్చారు. 28 మంది విద్యార్థులకు ముక్కలను మొదట కనురెప్పపాటు కన్నా తక్కువ సేపు చూపించి, పోల్చుకోలేకపోతే ఆ సమయాన్ని మెల్లగా పెంచారు. వాటిలో కొన్ని దొంగముక్కలు: ఎర్ర ఇస్పేటు, నల్ల ఆఠీను లాంటివి. మామూలు ముక్కను పోల్చుకోవడానికి సగటున 28 మిల్లీసెకన్లు సరిపోయాయి. దొంగముక్కకు 114 పట్టాయి. నల్ల ఆఠీనును చూసి కొందరు అది ఇస్పేటే అన్నారు. రెంటికీ రాజీ కుదిర్చి, ఊదారంగు కనపడిందన్నవాళ్లూ ఉన్నారు. పూర్తిగా ఒక సెకను చూపినా దాదాపు పదింట ఒక దొంగముక్క దొరకలేదు. పేకాట తెలియడం వల్లనే వాళ్ల కళ్లు మోసపోయాయి. పేక ఎన్నడూ పట్టనివాడికైతే ఎర్ర ఇస్పేటులో వింతేముంది?

కంప్యూటరు ఇచ్చిన ధైర్యం

1956 సెప్టెంబరు 11న ఎంఐటీలో జరిగిన సభలో మూడు పత్రాలు ఒకేరోజు ముందుకొచ్చాయి. అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్కసూత్రాలను నిరూపించే కంప్యూటరు ప్రోగ్రామును వివరించారు. నోమ్ చోమ్‌స్కీ భాషకు లోపలి నియమాలు ఉంటాయన్నాడు. జార్జ్ మిల్లర్ మనిషి ఒక్కసారికి మనసులో నిలుపుకోగలిగేది సుమారు ఏడు అంశాలే అని లెక్క చెప్పాడు. కాగ్నిటివ్ సైన్సు పుట్టినరోజు అదేనని మిల్లర్ తర్వాత రాశాడు. యంత్రం లోపల జరిగేదాన్ని వివరించగలిగినప్పుడు మనసు లోపల జరిగేదాన్ని ఎందుకు వివరించకూడదన్న ధైర్యం అప్పుడొచ్చింది. 1967లో ఉల్రిక్ నైసర్ ‘కాగ్నిటివ్ సైకాలజీ’ పేరుతో పుస్తకం వేశాక ఆ దారికి పేరు స్థిరపడింది.

మొదట చెప్పుకున్న కాటూరు తెలుగువాడు దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి తెలిసిన పేరు రాజ్ రెడ్డి, 1937లో పుట్టి, 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేశారు. ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో ఉద్యోగం చేసి, స్టాన్‌ఫర్డుకు చేరారు. కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర, మాటను గుర్తుపట్టే కంప్యూటరు మీద పనిచేసి 1966లో డాక్టరేటు పొందారు. 1969లో కార్నెగీ మెలన్‌కు మారారు. న్యూవెల్, సైమన్ అప్పటికే అక్కడున్నారు.

అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పెద్దమనిషి జాన్ పియర్స్ యంత్రాలతో మాటను గుర్తుపట్టించే ఈ రంగాన్ని చీల్చి చెండాడుతూ ఒక లేఖ అచ్చువేయించాడు. భాషా, సందర్భమూ తెలిసినందువల్లే మనిషి మాటను పోల్చుకుంటాడు, ఆ తెలివి లేని యంత్రం చేతిలో ఇది సాగదన్నది ఆయన వాదన. ఆ దెబ్బకు చాలామంది వెనక్కి తగ్గారు. రాజ్ రెడ్డి బృందం ఆ తెలివినే యంత్రానికి ఇవ్వడానికి పూనుకుంది.

అలా తయారైంది ‘హియర్‌సే’. మొదటి హియర్‌సే నోటిమాట విని చదరంగం ఆడేది. ఆటగాడు ఎత్తు చెప్పగానే యంత్రం ధ్వనులతోనే ఆగేది కాదు. బల్ల మీద ఇప్పుడు ఏ ఎత్తులు కుదురుతాయి, వాటిలో ఏది మంచిది అని దాని చదరంగం ప్రోగ్రాము ముందే జాబితా వేసి పెట్టుకునేది. ధ్వని అస్పష్టంగా ఉంటే ఆ జాబితాలోంచి పూరించుకునేది. గుర్రం అక్కడికి పోలేదని తెలిసినప్పుడు ‘గుర్రం’ లాంటి శబ్దం వినపడినా దాన్ని పక్కన పెట్టేది. ఈ పనిని 1973లో పత్రంగా ప్రకటించారు.

తర్వాతి హియర్‌సే-2లో లీ అర్మన్, విక్టర్ లెసర్, ఫ్రెడరిక్ హేస్‌రాత్‌లు కలిశారు. ఇందులో ధ్వనికి, అక్షరానికి, మాటకి, వాక్యానికి వేర్వేరు నిపుణ ప్రోగ్రాములు ఉంటాయి. అన్నీ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాస్తాయి. ఒకదాని ఊహను ఇంకొకటి బలపరుస్తుంది, లేదా కొట్టేస్తుంది. కింద నుంచి ధ్వని, పైనుంచి అర్థం, రెండూ ఎదురొచ్చి కలిసిన చోట మాట తేలుతుంది. 1976లో అదే కార్నెగీ మెలన్‌లో బ్రూస్ లోవర్ తయారుచేసిన ‘హార్పీ’ 1,011 మాటలను పోల్చుకుని, అమెరికా ప్రభుత్వం పెట్టిన వెయ్యి మాటల లక్ష్యాన్ని దాటింది.

యంత్రం నుంచి మళ్లీ మనిషికి

ఈలోగా మనుషుల మీదా రుజువులు వచ్చిపడ్డాయి. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యంలోంచి ఒకే ఒక్క శబ్దం కోసేసి, ఆ చోట దగ్గు పెట్టి 20 మందికి వినిపించాడు. 19 మంది అసలేమీ పోలేదన్నారు. మిగిలిన ఒక్కడూ పోని శబ్దం పోయిందన్నాడు. కోదాడ బస్టాండులో రోజూ జరిగేదానికి అది ప్రయోగశాల సాక్ష్యం.

1973లో కార్నెగీ మెలన్‌లోనే విలియం చేజ్, సైమన్ చదరంగం బల్లను ఆటగాళ్లకు అయిదు సెకన్లు చూపించారు. నిజమైన ఆటలోని బల్లయితే ఉద్దండుడు చాలావరకు తిరిగి అమర్చాడు, కొత్తవాడు నాలుగైదు పావులతో ఆగిపోయాడు. పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపితే ఉద్దండుడి గొప్ప పోయింది. అతనిది పదునైన కన్ను కాదు, వేల ఆటల చట్రం. సూర్యాపేట మార్కెట్ యార్డులో వడ్ల రాశి దగ్గర దీన్ని కళ్లారా చూడొచ్చు. ముదురు వ్యాపారి రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి గింజలు నాలుగు తీసి, ఒకటి పంటికింద వేసుకుని కటుక్కుమన్న తీరును బట్టి తేమ చెప్తాడు. అరచేతిలో నలిపి ఊది తాలు ఎంతో అంచనా వేస్తాడు. సర్కారు కొనుగోలుకు 17 శాతం తేమ హద్దు. ఆ హద్దు దాటిందో లేదో మిషను పెట్టకముందే అతనికి తెలుస్తుంది. అదే గింజను మనం కొరికితే వడ్లగింజ రుచే తప్ప ఏమీ తెలీదు. మిర్యాలగూడ మిల్లుల్లో చేతికి తీసుకోగానే నూక ఎంత పడుతుందో చెప్పేవాళ్లదీ ఇదే విద్య.

హియర్‌సే పద్ధతి అక్కడితో ఆగలేదు. 1977లో డేవిడ్ రుమెల్‌హార్ట్ మనిషి చదివే తీరుకు నమూనా కడుతూ ఆ నల్లబల్ల ఊహను వాడుకున్నాడు. 1986లో జేమ్స్ మెక్‌లెలండ్, జెఫ్ ఎల్మన్ మనిషి మాటను ఎలా వింటాడో వివరించిన ‘ట్రేస్’ నమూనాకూ హియర్‌సే దారి చూపింది. మనిషిని చూసి యంత్రం కట్టారు, ఆ యంత్రాన్ని చూసి మనిషిని అర్థం చేసుకున్నారు. రాజ్ రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. తర్వాత ఆయన మన పల్లెపిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలకు, తొలి ఛాన్సలరయ్యారు.

చట్రం తప్పయితే

పూరించే గుణమే ముంచే గుణమూ అవుతుంది. 2018 మేలో తెలంగాణ అంతటా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. ఆ నాలుగు రోజులు కొత్త మనిషి చేతిలో సంచి ఉంటే చాలు, చూసేవాడికి దొంగే కనపడ్డాడు. దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అమాయకులు. కొట్టినవాళ్లలో చాలామంది తాము చూసింది నిజమనే నమ్మారు. గద్వాల జిల్లా పోలీసులు ఊరూరా పాటగాళ్లను, డప్పులను పంపి జనం మనసులోని ఆ చట్రాన్నే మార్చే పని పెట్టుకున్నారు. వట్టి హెచ్చరికకన్నా అదే తెలివైన మార్గం.

ఇప్పుడు మన ఫోన్లూ తెలుగు వింటున్నాయి. వాటికీ ఇదే సూత్రం: ముందు నేర్చుకున్నదాన్ని బట్టే వింటాయి. పుస్తకాల తెలుగే నేర్పితే మన నల్లగొండ యాస వాటికి సగం అర్థంకాని రొదే. మన ఊళ్ల పేర్లు, మన పంటల మాటలు వాటి చట్రంలో చేరాలంటే మన గొంతులు చేరాలి. కేంద్రప్రభుత్వ భాషిణి పథకంలో భాషాదాన్ పేరుతో ఎవరైనా తమ గొంతు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఫోను చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక అరగంట అందుకు కేటాయించండి. ఇంట్లో పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడించండి. అచ్చంగా ఇంట్లో మాట్లాడినట్టే, యాస దిద్దకుండా.