మామిడిపండును కోయుట - ఒక చిన్న చరిత్ర

వైశాఖమాసము ప్రవేశించుసరికి భిలాయి ఉక్కునగరమున ఎండలు మండిపోవును. బ్లాస్టు ఫర్నేసుల వేడిమికి ఆకాశపు వేడిమి తోడైనట్లుండును. ఆ దినములలో విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరు రైలుమార్గమున, సెలవులకు వెళ్లి వచ్చువారి వెంటనో, చూడవచ్చు బంధువుల వెంటనో, మామిడిపండ్ల బుట్టలు వచ్చుట తెలుగు కుటుంబములకు ఎంతయు ఇష్టమైన విషయము. బుట్ట మూత విప్పగనే వరిగడ్డి వాసనతో కలిసిన పండ్ల వాసన వాకిలి దాటి పొరుగు క్వార్టరు వరకు వ్యాపించును. అంతట ఇంటిలో ఒక చిన్న వివాదము తలయెత్తును. పండును కత్తితో కోసి పళ్లెమున పెట్టవలెనా? లేక మెత్తగా పిసికి, ముచ్చిక ఊడదీసి, జుర్రుకొనవలెనా? తాతగారు ఒకటి చెప్పుదురు. మనుమలు వేరొకటి చెప్పుదురు. ఈ వివాదము పైకి తోచినంత చిన్నది కాదు. దీని వెనుక అనేక శతాబ్దముల చరిత్ర కలదు.

ఈ చరిత్రను ఆలోచించుటకు భిలాయి తగిన స్థలము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వముల మధ్య జరిగిన ఒడంబడిక ననుసరించి ఇచ్చట ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాటి మధ్యప్రదేశములో దుర్గు జిల్లా పల్లెల నడుమ లేచిన ఈ నగరమునకు దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి చేరిరి. అందుచేతనే దీనికి 'మినీ ఇండియా' అను పేరు వచ్చినది. వచ్చినవారు తమ తమ భాషలతోపాటు తమ తమ వంటయింటి పనిముట్లను కూడ తెచ్చుకొనిరి. తెలుగువారి కత్తిపీటను వంగదేశీయులు బొటి అందురు. ఒరియావారు పనికి అందురు. మహారాష్ట్రులు విళీ అందురు. తమిళులు అరువామణై అందురు. పేర్లు వేరైనను పని ఒక్కటియే. పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో కాయను పట్టుకొని, నిలిచియున్న కత్తికే కాయను ఒప్పగింతురు. ఇన్ని ప్రాంతములవారి వేసవి ఫలము మామిడియే యగుటచేత, దానిని కోయుటయా జుర్రుటయా అను ప్రశ్న కూడ అందరికిని సమానమే.

మామిడిపండు నిర్మాణమే ఈ ప్రశ్నకు మూలము. అరటిపండు వలె ఇది సులభముగ తొక్క వదలదు. జామపండు వలె అడ్డముగ కోయుటకును లొంగదు. నడుమ బల్లపరుపుగ నొక పెద్ద టెంక యుండును. కొన్ని జాతులలో ఆ టెంకనుండి పీచు బయలుదేరి కండయంతటను అల్లుకొనును. పీచున్న పండులో రసము సమృద్ధిగా నుండును. కత్తి పెట్టిన ముక్క నిలువదు. పీచు లేని పండులో కండ గట్టిగా నుండును. పిసికినను రసము చాలినంత రాదు. కావుననే తెలుగువారు మామిడిపండ్లను రెండు తెగలుగ ఎరుగుదురు. చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము మున్నగునవి జుర్రుకొను పండ్లు. బంగినపల్లి మున్నగునవి కోసుకొను పండ్లు.

ప్రాచీనకాలమున కత్తికంటె చేతికే ప్రాధాన్యము ఎక్కువగా నుండియుండును. మామిడి ఈశాన్య భారతమును, బర్మాను ఆనుకొనియున్న భూభాగమున పుట్టినదని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి తన ఏడవ స్తంభశాసనమున, బాటల వెంట నీడకొరకు మఱ్ఱిచెట్లను, మామిడితోపులను నాటించినట్లు చెప్పుకొనెను. బాటసారి చేత కత్తి యుండదు, పళ్లెముండదు. చెట్టుక్రింద రాలిన పండును పిసికి జుర్రుకొని ముందుకు సాగుటయే అతనికి చేతనగు పద్ధతి. నాటి చెట్లన్నియు దాదాపుగా టెంకనుండి మొలిచినవే గదా! టెంకనుండి మొలిచిన చెట్టు సాధారణముగ తల్లిచెట్టును పోలదు. ఒకదాని పండు తీయన, మరియొకదానిది పులుపు. పీచు మాత్రము పెక్కింటికి సామాన్యము.

కాయ విషయము వేరు. కాయకు కత్తి తప్పదు. పప్పులోనికి, పచ్చడిలోనికి, ఎండబెట్టు ఒరుగులకు కాయను తరిగియే తీరవలెను. అందులో ఆవకాయ కోత ఒక ప్రత్యేక విద్య. టెంక కట్టిన కాయను ఎన్నుకొని, కడిగి, తడి లేకుండ తుడిచి, పెద్ద కత్తితో టెంకతో సహా ఒక్క దెబ్బకు చీల్చవలెను. లోపలి జీడిని తీసివేసి, జీడిపొరను గుడ్డతో తుడువవలెను. ప్రతి ముక్కకును టెంక అంటియుండవలెను. లేనిచో ముక్క మెత్తబడి ఊటలో కరిగిపోవును. 'కాయకు కత్తి, పండుకు చేయి' అను విభజన ఈ విధముగ చిరకాలము సాగినదని ఊహింపవచ్చును.

పండును తిను పద్ధతిని గూర్చి స్పష్టమైన సాక్ష్యము మొగలు సామ్రాజ్య స్థాపకుడైన బాబరు వ్రాతలో లభించుచున్నది. 1526లో పానిపట్టు యుద్ధమున గెలిచి, 1530లో మరణించిన ఈ చక్రవర్తి తుర్కీ భాషలో తన ఆత్మకథను వ్రాసికొనెను. హిందూదేశపు ఫలములను వర్ణించుచు, మామిడిపండును రెండు విధములుగ తిందురని అందులో తెలిపెను. పండును పిసికి, రంధ్రము చేసి, రసమును పీల్చుట మొదటిది. తొక్క వలిచి పీచుపండు వలె తినుట రెండవది. నేటి భిలాయి క్వార్టరులో తాతామనుమల నడుమ జరుగు వివాదమే దాదాపు 500 ఏండ్ల క్రిందట చక్రవర్తి దృష్టికి కూడ వచ్చినదన్నమాట. ఖర్బూజా పండ్లకై అలమటించిన ఆ మధ్యాసియా వీరుడు ఈ దేశపు ఫలములలో ఇంత సూక్ష్మమైన భేదమును గుర్తించుట గమనింపదగినది.

రెండవ పద్ధతి బలపడుటకు కారణము అంటుకట్టు విద్య. ఆ విద్య భారతీయులకు క్రొత్తది కాదు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దానిని వర్ణించెను. ఐనను మామిడికి అంటుకట్టు పద్ధతిని పశ్చిమతీరమున విరివిగా వ్యాపింపజేసినవారు గోవాలోని పోర్చుగీసువారని చరిత్రకారులు చెప్పుదురు. 1563లో గోవాలో అచ్చుపడిన గార్సియా ద ఓర్తా గ్రంథమున మామిడిని గూర్చి విపులమైన చర్చ కలదు. గోవా మామిడిపండ్లకు వేర్వేరు పేర్లుండెడివని తరువాతి శతాబ్దపు ఇటలీ యాత్రికుడు మనుచ్చి వ్రాసెను. పండుకు పేరు వచ్చినదనగా, ఆ గుణము గల చెట్టునే మరల మరల పెంచగలిగిరని అర్థము. పీచు లేని ఒక్క మంచి చెట్టు దొరికినచో దాని కొమ్మనుండి వేయి చెట్లను చేయవచ్చును. అట్టి పండ్లు పెరిగినకొలది కత్తి కాయనుండి పండు వద్దకు వచ్చినది. మిరపకాయను అమెరికానుండి ఈ దేశమునకు తెచ్చినవారును పోర్చుగీసువారే. ఆవకాయలోని ఎఱ్ఱని కారమును, పళ్లెములోని కోతపండును ఈ విధముగ ఒకే ఓడలకు ఋణపడియున్నవి.

తెలుగుదేశమున జమీందారులు, నవాబులు ఈ విద్యను ఆదరించిరి. కర్నూలు సీమలోని బంగినపల్లి ఒక చిన్న సంస్థానము; 1948లో అది మద్రాసు రాష్ట్రమున విలీనమైనది. ఆ ఊరి పేరు మాత్రము పండు రూపమున దేశమంతటను నిలిచినది. పలుచని తొక్క, పీచు లేని గట్టి కండ, కోలగానుండు ఆకారము - కత్తికొరకే పుట్టినదా యనిపించు పండు అది. దీనికి బేనిషాన్ అనియు పేరు కలదు. ఢిల్లీ బజారులో ఇదియే సఫేదా. మధ్యభారతపు అంగళ్లలో బైగన్‌ఫల్లీ అని పిలిచెడివారును కలరు. వంకాయతో దానికెట్టి సంబంధమును లేదు, బంగినపల్లియే నోరు తిరుగక అట్లయినది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇటు నూజివీడు ప్రాంతము రసములకు ప్రసిద్ధి కెక్కినది. కత్తికి బంగినపల్లి, చేతికి నూజివీడు - ఆంధ్రదేశము రెండు సంప్రదాయములను నిలిపినది.

కోతపండును కోయుటకు ఒక క్రమము కలదు. ముందుగా పండును చల్లని నీటిలో కొంతసేపు నానవేసి కడుగవలెను. ముచ్చిక వద్ద నుండు సొన తగిలిన కొందరికి దద్దురులు లేచును. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు వృక్షములగుటయే దీనికి కారణము. కావున ముచ్చిక వద్ద పలుచని బిళ్లను కోసి పారవేయుదురు. తరువాత టెంక యే దిక్కున నున్నదో చూడవలెను. పండు కొంచెము నొక్కినట్లుగ, రెండు ప్రక్కల వెడల్పుగను, రెండు ప్రక్కల సన్నముగను ఉండును. టెంక వెడల్పు కూడ పండు వెడల్పు ననుసరించియే యుండును. పండును ముచ్చిక వైపు క్రిందికి వచ్చునట్లు నిలిపి, నడిమి గీతకు ఇరువైపుల చిటికెనవ్రేలి మందము విడిచి, పైనుండి క్రిందికి కోసినచో రెండు నిండు చెక్కలు వచ్చును. టెంక తగిలినచో కత్తిని బలవంతపెట్టక కొంచెము వెలుపలికి జరుపవలెను. చెక్కలోని కండను తొక్క తెగకుండ నిలువుగను అడ్డముగను గాట్లు పెట్టి, తొక్కను వెనుకనుండి పైకి నొక్కినచో ముక్కలు పూవు వలె విచ్చుకొనును. తొక్క ముందుగ తీయదలచినవారు ముచ్చిక వద్ద మొదలిడి కొన వరకు పలుచగ చెక్కుదురు. చెక్కు తీసిన పండు చేతిలో జారును గనుక అరచేతిలో నుంచి కోయరాదు.

ఇంతవరకు చెప్పినది చేతిపని. దీని వెనుక నున్న ధర్మము పంచుకొనుట. రసము పండు ఒక్కరిది. ఒకరు నోట పెట్టినదానిని వేరొకరికి ఈయజాలరు. కోసిన పండు పదిమందిది. అయిదు పండ్లే మిగిలినప్పుడు, పదిమంది పిల్లలున్న యింట కత్తియే న్యాయాధికారి. ముక్కలు పిల్లలకు, టెంక తల్లికి. ఎన్నో యిండ్లలో వ్రాయని శాసనమిది. టెంక తనకు ఇష్టమని తల్లి చెప్పును. ఆ మాట ఎంతవరకు నిజమో, పిల్లలు పెద్దవారై తామే కత్తి పట్టిన నాడు గాని తెలియదు.

కత్తి పెట్టక పూజించిన పండ్లను గూర్చి కూడ చరిత్ర చెప్పుచున్నది. 1968 ఆగస్టులో పాకిస్తాను విదేశాంగమంత్రి ఇచ్చిన మామిడిపండ్లను చైనా నాయకుడు మావో తాను తినక పెకింగు కార్మికులకు పంపెను. మామిడిని ఎన్నడును ఎరుగని ఆ కార్మికులు వానిని కోయుటకు సాహసింపలేదు. కొన్నిచోట్ల మందునీటిలో భద్రపరచిరి. మైనముతో ప్రతిమలు చేసిరి. ఒక కర్మాగారమున పండు కుళ్లనారంభింపగా తొక్క తీసి, పెద్ద పాత్రలో నీటితో ఉడికించి, తలకొక చెంచాడు త్రాగిరి. ఫలము ఎంత గొప్పదైనను తిను విధము తెలియనిచో దాని రుచి దక్కదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

భిలాయి కార్మికునకు అట్టి స్థితి రాలేదు. అతని యింట తిను విధము తల్లినుండి బిడ్డకు వచ్చినది. కాని కాలము మారుచున్నది. నిలుచుండి వండు వంటగదులలో కత్తిపీట మూలకు చేరినది. కోసిన ముక్కలు పెట్టెలలో అమ్ముడగుచున్నవి. చేతులు, చొక్కా పాడగునని రసము పండును నిరాకరించు పిల్లలు పెరుగుచున్నారు. ఇందులో ఒక ప్రమాదము కలదు. అంటుమామిడి జాతి అంటుకట్టువాడున్నంతవరకే బ్రతుకును. టెంక దానిని నిలుపజాలదు. కొనువాడు లేనిచో కట్టువాడుండడు. ఈనాడు పళ్లెమున వద్దన్న పండు కొంతకాలమునకు తోటనుండి కూడ తొలగిపోవును. బంగినపల్లిని నిలుపునది కత్తి యైనచో, రసములను నిలుపునది చేయి.

కావున తాతామనుమల వివాదమున తీర్పు అవసరము లేదు. బుట్ట వచ్చిన నాడు కోతపండును పెద్దలు పిల్లల చేత కోయింతురుగాక. ముక్కలు పొరుగు ఒరియావారికి, ఛత్తీస్‌గఢీవారికి, వంగదేశీయులకు అందునుగాక. రసము పండును మాత్రము పిల్లలు అరుగుమీద కూర్చుండి, మోచేతులదాక కారుచుండగా, జుర్రుకొందురుగాక. చొక్కాపై పడిన మరక ఉతుకునకు పోవును. తోటలో పోయిన జాతి మాత్రము మరల రాదు.