మన రక్తం, మన వివరాలు

అమెరికా గ్రాండ్ కాన్యన్‌లో హవాసుపాయి ఆదివాసులున్నారు. షుగర్ జబ్బు గురించి తెలుసుకుంటామని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వీళ్ల రక్తం తీసుకున్నారు. అదే రక్తంతో మానసిక జబ్బుల మీద, వీళ్ల పూర్వీకుల వలసల మీద కూడా పరిశోధన చేశారు. వాటికి తాము ఒప్పుకోలేదంటూ హవాసుపాయిలు 2004లో కోర్టుకెక్కారు. 2010లో రాజీ కుదిరి, 7 లక్షల డాలర్లతో పాటు మిగిలిన రక్తాన్నీ వెనక్కి తెచ్చుకున్నారు.

మన దగ్గర 2023లో సికిల్ సెల్ మిషన్ మొదలైంది. పరీక్ష ఫలితాలు ఆన్‌లైన్‌లో ఎక్కుతున్నాయి. పరీక్ష మనకు అవసరమే, తప్పక చేయించుకుందాం. కానీ రక్తం సీసాలు తిరిగొచ్చినట్టు, ఫోన్లలో పాకిన వివరాలు తిరిగిరావు. దాంతో ఒక అమ్మాయి సంబంధమే చెడిపోవచ్చు. అందుకే వేలిముద్ర వేసేముందు అడుగుదాం: ఈ వివరాలు ఎవరు చూస్తారు, దేనికి వాడతారు? ఎవరి కార్డు ఫోటో అయినా గ్రూపుల్లో పెట్టొద్దు.

జై ఆదివాసీ!