ఉల్సాన్‌ను ఎవరు కట్టారు?

పెనుకొండ దగ్గర బెంగుళూరు రహదారి మీద బస్సులో పోతూ కియా కార్ల ఫ్యాక్టరీని చూసి, నా పక్కన కూర్చున్న మిత్రుడు "ఇంకో ఇరవై ఏళ్లకు ఇది మన ఉల్సాన్ అవుతుంది చూడు" అన్నాడు. ఆ మాట పూర్తిగా ఊహ కాదు. 2019లో ఇక్కడ కార్లు తయారుచేయడం మొదలుపెట్టిన కియాను 1998లోనే హ్యుందాయ్ కొనేసింది. ఆ హ్యుందాయ్‌కి పుట్టిల్లు దక్షిణ కొరియాలోని ఉల్సాన్. అయితే ఉల్సాన్ కావడమంటే ఏమిటి? మిత్రుడికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కొరియా ద్వీపకల్పపు ఆగ్నేయ మూలన, బూసాన్‌కు ఉత్తరంగా, తేహ్వా నది సముద్రంలో కలిసే చోట ఉంది ఉల్సాన్. కొరియా పడమటి తీరంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, ఓడరేవు కట్టడం కష్టం. తూర్పు తీరంలో ఆ బాధ లేదు. ఉల్సాన్ అఖాతం లోతైనది, పైగా జపాన్‌కు దగ్గర. ఈ అనుకూలతను గుర్తించింది ఆధునిక పెట్టుబడిదారులే కాదు. సిల్లా రాజ్యపు రాజధాని గ్యోంగ్జుకు ఇదే సముద్ర ద్వారం. 1426లో జపాన్ వర్తకులకు తెరిచిన మూడు రేవుల్లో ఇక్కడి యోంపో ఒకటి. 1597-98లో జపాన్ సేనలు ఇక్కడే కోట కట్టుకుని ముట్టడికి గురయ్యాయి. వర్తకుడికి అనువైన రేవు దండయాత్రకూ అనువైనదే.

ఇక్కడి శ్రమ చరిత్ర అంతకంటె ఎంతో పాతది. బంగుదే అనేచోట ఏటి ఒడ్డు రాతి మీద, వేల ఏళ్ల కింద మనుషులు తిమింగలాల వేటను చెక్కారు. పడవలో గుంపుగా కూర్చున్న వేటగాళ్లు అందులో కనిపిస్తారు. పండితులు ఆ బొమ్మలను కనుగొన్నది 1971లో. అప్పటికే, 1965లో, దిగువన సాయోన్ ఆనకట్ట కట్టారు. ఉల్సాన్ ఫ్యాక్టరీలకు నీళ్లు కావాలి. అందువల్ల జలాశయం నిండినప్పుడల్లా ఆ బొమ్మలు మునిగేవి. 2025లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పరిశ్రమ తన దాహం కోసం శ్రమ తాలూకు తొలి దస్తావేజునే నీళ్లలో ముంచింది. ఉల్సాన్ ఆధునిక చరిత్రకు ఇంతకంటె తగిన ఆరంభం నాకు దొరకలేదు.

1961లో సైనిక కుట్రతో అధికారం పట్టిన పార్క్ చుంగ్ హీ, 1962 జనవరిలో ఉల్సాన్‌ను ప్రత్యేక పారిశ్రామిక ప్రాంతంగా ప్రకటించాడు. అప్పుడది చేపలు పట్టేవాళ్లు, రైతులు ఉండే చిన్న పట్టణం. ఫ్యాక్టరీల నల్లటి పొగ ఆకాశంలోకి వ్యాపించే రోజున జాతికి మంచికాలం వస్తుందని ఆయన శంకుస్థాపన నాడు ఆశ చూపాడు. 1964లో చమురు శుద్ధి కర్మాగారం, 1968లో హ్యుందాయ్ కార్ల కర్మాగారం వచ్చాయి. 1972లో మిపో అఖాతంలో ఓడల కర్మాగారానికి పునాది పడింది.

ఓడల కర్మాగారం గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. హ్యుందాయ్ అధిపతి చుంగ్ జు యుంగ్ అప్పు కోసం బ్రిటన్ వెళ్లి, ఐదువందల వాన్‌ల నోటు మీదున్న పాతకాలపు తాబేటి ఓడ బొమ్మ చూపించి, మా వాళ్లు వందల ఏళ్ల కిందటే ఇనుప ఓడలు కట్టారని నమ్మించాడట. సాహసవంతుడైన వ్యాపారి కథగా ఇది బాగానే ఉంటుంది. కాని నోటు మీది బొమ్మ చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదు. ఆ అప్పుకు కొరియా ప్రభుత్వం పూచీ పడింది. ఆ ప్రభుత్వానికి డబ్బు ఎక్కడిది? 1965 ఒప్పందంతో వలసపాలన లెక్క తీర్చినట్టుగా జపాన్ ఇచ్చిన ముప్పై కోట్ల డాలర్ల గ్రాంటు, ఇరవై కోట్ల డాలర్ల రుణం ఒక వనరు. వియత్నాంలో అమెరికా తరఫున పోరాడటానికి పంపిన మూడు లక్షల మందికి పైగా కొరియా సైనికుల ద్వారా వచ్చిన డాలర్లు మరో వనరు. మూడోది, అన్నిటికంటె పెద్దది, పల్లెల నుంచి వచ్చిన చవక శ్రమ.

ఈ శ్రమ నోరు లేనిదని పాలకులు అనుకున్నారు. 1974 సెప్టెంబరులో ఓడల కర్మాగారం కార్మికులు కాంట్రాక్టు పద్ధతికి వ్యతిరేకంగా తిరగబడ్డారు. అణచివేత జరిగింది. తర్వాత పదమూడేళ్లు పైకి నిశ్శబ్దం. 1987 జూలైలో హ్యుందాయ్ ఇంజన్‌లో యూనియన్ పుట్టింది. ఆగస్టులో వేలాది కార్మికులు ఫోర్క్‌లిఫ్టులను, డంపర్లను ముందు నడిపిస్తూ నగర వీధుల్లోకి వచ్చారు. తాము నడిపే యంత్రాలే వాళ్లకు జెండాలయ్యాయి. వాళ్ల కోర్కెల్లో జుట్టు పెంచుకునే స్వేచ్ఛ కూడా ఉంది! ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాళ్లు జుట్టు పొడవు తనిఖీ చేసేవాళ్లు. జీతం పెంచమనడం సరే, జుట్టు గురించి సమ్మె ఏమిటని నవ్వే వాళ్లకు ఆ కర్మాగారం సగం బారకాసు అన్న సంగతి అర్థం కాలేదన్నమాట. 1990లో పోలీసులు చొరబడితే కార్మికులు 82 మీటర్ల గోలియత్ క్రేన్ ఎక్కి కూర్చున్నారు. కొరియా కార్మికుడు మధ్యతరగతి జీతం అందుకోవడానికి కారణం తాబేటి ఓడ నోటు కాదు, ఈ క్రేను.

నల్లటి పొగ బిల్లు కూడా వచ్చింది. పక్కనున్న ఓన్సాన్‌లో లోహ కర్మాగారాల చుట్టుపక్కల జనం ఒళ్లు నొప్పులతో మంచం పట్టారు. 1985 నాటికి ఓన్సాన్ జబ్బు అన్న పేరు దేశమంతా తెలిసింది. చివరికి వేలాది కుటుంబాలను అక్కడి నుంచి ఖాళీ చేయించారు. ఫ్యాక్టరీలు ఉండిపోయాయి, ఊళ్లు పోయాయి.

ఇక్కడితో ఆపితే విజయగాథ అవుతుంది. కాని చరిత్ర ఆగలేదు. 1998 సంక్షోభంలో హ్యుందాయ్ కార్ల కర్మాగారంలో 36 రోజుల సమ్మె జరిగింది. చివరికి 277 మందిని తొలగించడానికి యూనియన్ ఒప్పుకుంది. వారిలో సగానికి పైగా క్యాంటీనులో వంట చేసే స్త్రీలు. సమ్మె రోజుల్లో అందరికీ అన్నం పెట్టింది వాళ్లే. ఆ తర్వాత ఒకే లైను మీద ఎడమ చక్రం బిగించే వాడు పర్మినెంటు, కుడి చక్రం బిగించే వాడు కాంట్రాక్టు అన్న స్థితి వచ్చింది. 2012 అక్టోబరు నుంచి 296 రోజులు ఇద్దరు కార్మికులు కరెంటు టవరు మీద గడిపారు. వాళ్లు ఒకప్పుడు క్రేనెక్కిన కార్మికుల వారసులే. కాని కింద నిలబడి వాళ్లకు తోడున్న పర్మినెంటు కార్మికులు తక్కువ. 1974లో తిరగబడ్డది ఏ కాంట్రాక్టు పద్ధతి మీదనో, అది దొడ్డిదారిన తిరిగొచ్చి యూనియన్ పక్కనే కాపురం పెట్టింది.

ఈనాడు పది లక్షలకు పైగా జనం ఉన్న ఉల్సాన్, తలసరి ఉత్పత్తిలో చాలా ఏళ్లు కొరియాలో మొదటి స్థానంలో నిలిచింది. కంపుకొట్టే తేహ్వా నది శుభ్రపడింది, 2019లో దాని ఒడ్డు జాతీయ ఉద్యానవనమైంది. ఇవి అబద్ధాలు కావు. అయితే వీటిలో ఏదీ శంకుస్థాపన రాయితో పాటు రాలేదు.

కనుక మిత్రుడికి నా జవాబు ఇది. ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన ఊరు ఉల్సాన్ అయిపోదు. గేటు దగ్గర జుట్టు కొలిచేవాడి చేయి పట్టుకుని ఆపిన రోజున సగం ఉల్సాన్ అవుతుంది. కుడి చక్రం వాడి కోసం ఎడమ చక్రం వాడు, వంటమనిషి కోసం ఇద్దరూ పని ఆపిన రోజున మిగతా సగం. ఆ రెండో సగం ఉల్సాన్‌లో కూడా ఇంకా పూర్తి కాలేదు.